మూలంలో లేని మాట

ముప్పైమంది పిల్లలు ముప్పై తువ్వాళ్ళు విసిరారు. ఒక్కటీ సీటులో పడలేదు.

జయలక్ష్మి ఎర్ర పెన్నుకు మూత పెట్టి, కాగితాల కట్టను బల్ల ఆ కొసకు నెట్టేసింది. ప్రొద్దుటూరులో ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరినప్పటి నుంచీ మూడో సంవత్సరం వాళ్ళ అనువాదం పేపర్లు దిద్దేది ఆమే. పిల్లలు మారుతున్నారు గానీ తప్పులు మారలేదు. అక్కలు చేసిన తప్పులే చెల్లెళ్ళూ చేస్తున్నారు, ఇంట్లో పాత పుస్తకాలతో పాటు అవి కూడా చేతికొచ్చినట్టు. మామూలుగా అయితే స్టాఫ్ రూములో నాలుగు తప్పులు చదివి వినిపించి, అందరితో పాటు తనూ నవ్వేది. ఈసారి ఆ ఓపిక లేదు. ఈసారి వాళ్ళ చేతికిచ్చిన కథ దత్తాత్రేయ రాసింది.

దత్తాత్రేయ ఆమె భర్త. జమ్మలమడుగు హైస్కూల్లో తెలుగు పండితుడు. పోయిన మార్గశిరంలో పోయాడు. సంవత్సరీకం నాటికి అతని కథ ఒకటి, ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు, చిన్న పుస్తకంగా వేసి వచ్చినవాళ్ళకు ఇవ్వాలని పులివెందులలో ఉన్న మరిది కోదండపాణి తలపెట్టాడు. ఇంగ్లీషు నువ్వే చెయ్యి వదినా అన్నాడు. ఎండాకాలం సెలవుల్లోనే ఆమె చేసి పెట్టుకుంది. అయినా ఆ కథనే పిల్లలకు ప్రాజెక్టుగా ఇచ్చింది. అందరిలోకి బాగా చేసినవాళ్ళ పేరుతో పుస్తకంలో వేస్తామని క్లాసులో చెప్పింది కూడా. పిల్లలు నమ్మారు. ఎవరూ చెయ్యలేరని ఆమెకు ముందే తెలుసు. తెలిసీ చెప్పింది.

కథ పేరు 'జమ్మలమడుగు బస్సు'. పెద్ద కథ కాదు. పెళ్ళిళ్ళ రోజు ప్రొద్దుటూరు బస్టాండులో జనం కిక్కిరిసి ఉంటారు. జమ్మలమడుగులో పెళ్ళికి పోవాల్సిన ఆలుమగలు బస్సు కోసం నిలబడి ఉంటారు. బస్సు ఇంకా ఆగకముందే అతను పక్కనే పరిగెత్తి, కిటికీలోంచి లోపలికి తువ్వాలు విసురుతాడు. తువ్వాలు ఎవరిదైతే సీటు వాళ్ళది. ఈ వైపు బస్సుల్లో దానికి మించిన రిజర్వేషన్ లేదు. తర్వాత దత్తాత్రేయ ఇలా రాశాడు: "ఆమె నిదానంగా ఎక్కి వచ్చి, ఆ తువ్వాలుతోనే సీటు తుడిచి, దాన్ని అతని చేతికిచ్చి కూర్చుంది." దారిపొడుగునా బస్సులో జనం మాటలు, కండక్టరు కేకలు, ఒక చెనిక్కాయల మూట మీద తగువు. చివర మూడు వాక్యాలు. "దారిలో పక్క సీటు ముసలాయన దిగిపోయాడు. ఆమె ఆ సీటులో బ్యాగు పెట్టింది. అతను జమ్మలమడుగు దాకా నిలబడే వచ్చాడు."

అంతే కథ. దీన్ని ఇంగ్లీషు చెయ్యడానికి గొప్ప చదువేమీ అక్కర్లేదు. ఒకసారైనా బస్సెక్కి ఉంటే చాలు. కానీ వీళ్ళు కలం పట్టగానే బస్సు దిగిపోతారు.

సగం మంది కథను ఫోనుకు అప్పజెప్పారు. ఇంగ్లీషులో తువ్వాలు విసిరేయడమంటే ఓడిపోయానని ఒప్పుకోవడం. ఆ సంగతి తెలియని ఫోనూ, తెలుసుకోని పిల్లలూ కలిసి ఆ భర్తను బస్టాండులోనే ఓడించేశారు. కండక్టరు 'ఏమప్పా, టికెట్టు' అంటే, అప్పా అన్నాడు కాబట్టి ఆ భర్త అతనికి కన్నతండ్రి అయ్యాడు. చెనిక్కాయల మూట కోసం తిట్టుకునే ఇద్దరు ఆడవాళ్ళు 'దయచేసి మన్నించండి, ఇది నా సంచి అని భావిస్తున్నాను' అని హైకోర్టులో మాదిరి మాట్లాడుకున్నారు. ఒకడు జమ్మలమడుగు పేరు రాగానే ఆగి, దగ్గరలో గండికోట ఉందనీ, లోయ బాగుంటుందనీ, చూడదగినదనీ ఒక పేరా పెట్టాడు. కష్టమైన వాక్యాలను కొందరు చప్పుడు కాకుండా దాటేశారు, గుంతను చూసి పక్కకు తిప్పిన ఆటోలాగా.

ఇవన్నీ ఆమెకు పాతవే. అసలు కంపరం పుట్టించింది వేరే. క్రియ కనిపిస్తే చాలు, పక్కన 'కోపంగా', 'గర్వంగా', 'బాధతో' అని ఒకటి చేర్చడం. మూలంలో ఉండదు. రాసినవాడు కావాలనే పెట్టి ఉండడు. వీళ్ళకు మాత్రం అది ఇంగువ, వెయ్యకపోతే వంట కాదు. దత్తాత్రేయ 'బ్యాగు పెట్టింది' అన్నాడు. ఒకరు గర్వంగా పెట్టించారు. ఒకరు విసుగ్గా పెట్టించారు. ఇంకొకరు అతన్ని లెక్కచెయ్యకుండా పెట్టించారు. రోజూ జమ్మలమడుగు నుంచి వచ్చే తస్లీమా అయితే ఏకంగా 'తిరస్కారంగా' పెట్టించింది. ఆ పిల్ల ఇంగ్లీషు మొరటు. స్పెల్లింగులు చూస్తే తలనొప్పి. కాకపోతే వాక్యం వెంట వాక్యం వరస తప్పకుండా నడిచింది, దేన్నీ దాటెయ్యలేదు. జయలక్ష్మి ఆ ఒక్క మాట చుట్టూ ఎర్రగా గుండ్రం చుట్టి, 'మూలంలో లేదు' అని రాసి, రెండు మార్కులు కోసింది.

ముప్పైమందిలో ఇరవైమందికి పైగా ఆ ఒక్కచోటే అదే రకం తప్పు ఎందుకు చేశారో ఆమె ఆలోచించకపోలేదు. ఒకరిది చూసి ఒకరు రాసి ఉంటారు. లేదా పెళ్ళికాని పిల్లలకు ఆలుమగల కథ ఇస్తే ఇంతేనేమో.

&nbsp;

శుక్రవారం క్లాసులో ఆమె తిరుగు తర్జుమా పెట్టింది. ఇది ఆమె సొంత పద్ధతి. పేర్లు లేకుండా టైపు చేయించిన ఇంగ్లీషు కాగితాలను కలిపేసి పంచుతుంది. మూలం కాపీలు సంచుల్లో పెట్టేయాలి. ఎవరికి వచ్చిన ఇంగ్లీషును వాళ్ళు మళ్ళీ తెలుగులోకి తేవాలి. ఆ తర్వాత మూలం తీసి పక్కన పెట్టుకోవాలి. ఇంగ్లీషులో దాక్కున్న తప్పు సొంత ఊరికి తిరిగొచ్చేసరికి దొరికిపోతుంది. ఈ పని పిల్లలకు ఇష్టం, ఎందుకంటే ఇంకొకరి తప్పు పట్టుకోవచ్చు.

ఆ రోజు కట్టలో ఆమె తన అనువాదాన్ని కూడా కలిపింది. ఒక మంచి అనువాదం ఎట్లా చెక్కుచెదరకుండా తిరిగొస్తుందో చూడనీ అనుకుంది. పంచగా పంచగా చివరికి ఒక కాగితం ఆమె బల్ల మీద మిగిలింది. దాన్ని చూడకుండా హాజరు పట్టీ కిందికి తోసింది.

"ఏమ్మే జెస్సికా, లేసి చదువు."

జెస్సికా లేచింది. "ఆయన ఓటమిని ఒప్పుకొని బస్సులోకి చూచినాడు..."

క్లాసు గొల్లుమంది.

"ఎవరితో ఓడిపోయినాడు?" అంది జయలక్ష్మి.

"తెలీదు మేడం. బస్సుతోనేమో."

"కూచో. వినోద్ కుమార్, నీది."

"'తండ్రీ, టికెట్టు తీసుకో' అని కండక్టరు అతన్ని వేడుకున్నాడు."

"కన్నతండ్రేనా?"

"కాగితంలో అట్లే ఉంది మేడం."

"అయితే టికెట్టుతో పాటు కాళ్ళకు దండం కూడా పెట్టించు. ఇది రాసిన మహానుభావులు ఎవరో చెయ్యెత్తొద్దు, నాకు తెలుసు. నాగసాయీ, నువ్వు."

నాగసాయి వెనక బెంచీ నుంచి లేచాడు. అతను చదవడం మొదలుపెట్టిన రెండో వాక్యానికే ఆమెకు తెలిసింది, తనది అతని చేతిలో పడిందని. బస్టాండు వచ్చింది, ఉన్నట్టే. జనం వచ్చారు. తువ్వాలు కిటికీలోంచి వెళ్ళి సరిగ్గా సీటులో పడింది. ఆ మాటలు దాదాపు దత్తాత్రేయ మాటలే. జయలక్ష్మి కిటికీ వైపు తిరిగి నిలబడింది. మైదానంలో ఎవరో బైకు స్టార్టు చేస్తున్నారు. ఆ చప్పుడులో నాగసాయి గొంతు వినపడకపోయినా ఆమె మాట మాటకూ ముందే ఉంది.

"ఆమె నిదానంగా ఎక్కి వచ్చి, ఆ తువ్వాలుతోనే సీటు తుడిచి, నవ్వి, దాన్ని అతని చేతికిచ్చి కూర్చుంది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాగసాయి సాగించాడు. కండక్టరు కండక్టరుగానే ఉన్నాడు. చెనిక్కాయల తగువు తగువులాగే ఉంది. చివరికొచ్చాడు.

"దారిలో పక్క సీటు ముసలాయన దిగిపోయాడు. ఆమె ఆ సీటులో అతని కోసం బ్యాగు పెట్టి ఉంచింది. అతనికి మాత్రం నిలబడటమే ఇష్టం. జమ్మలమడుగు దాకా అట్లే వచ్చాడు."

కాగితం దించి, "మేడం, ఇదెవురిదో గానీ కథను యాడికో తీసుకపోయినారు," అన్నాడు. "ఈ ఆలుమొగుళ్ళు బస్సు దిగి డ్యూయెట్ పాడుకుంటారు."

క్లాసంతా నవ్వింది. ఆమె కిటికీ నుంచి తిరిగింది.

"ఎగతాళి ఎవరైనా చేస్తారు. తప్పు చూపించు."

"'నవ్వి' లేదు మేడం మూలంలో."

"ఉంది."

సంచుల జిప్పులు తీసిన చప్పుడు. ముప్పై కాపీలు బయటికొచ్చాయి. ఆమె దగ్గరా ఒకటి ఉంది. తీయలేదు.

"లేదు మేడం," అంది జెస్సికా. "తుడిచి, చేతికిచ్చి, కూర్చుంది. అంతే."

"'అతని కోసం' కూడా లేదు," అన్నాడు నాగసాయి. "'నిలబడటమే ఇష్టం' కూడా లేదు. మూడు చేర్పులు మేడం. మీ లెక్కన ఆరు మార్కులు పాయె. ఇట్లా రాసినోళ్ళకి మీరే అంటారు గదా, సొంత కథ రాసుకోపో, ఈ కథ వదిలిపెట్టు అని."

అనేది ఆమే. ప్రతి సంవత్సరం, ఆ మాటలతోనే, ఆ గొంతుతోనే. ఇప్పుడు వాడి నోట విన్నప్పుడు ఆ గొంతు ఇంత కరుకుగా ఉంటుందా అనిపించింది.

"సరే, నవ్వు సంగతి ఉండనీ," అంది. "బస్సులో ఖాళీ సీటు మీద బ్యాగు పెడితే ఏమని అర్థం? మీరంతా బస్సుల్లో వచ్చేవాళ్ళే గదా."

"సీటు ఆపినట్టు మేడం."

"ఎవరికోసం?"

"వచ్చేటోళ్ళ కోసం."

"మరి 'అతని కోసం' అంటే తప్పేమి? ఉన్న అర్థమే గదా చెప్పింది."

ఒకరిద్దరు మళ్ళీ కాపీల్లోకి చూశారు. ఆమెకు ఊపిరి ఆడింది. అప్పుడు తస్లీమా లేచింది. అడగకుండా లేచే పిల్ల కాదు.

"వచ్చేటోళ్ళకి గదా మేడం సీటు ఆపేది. ఆయప్ప వచ్చేసినాడు. రెండడుగుల దూరంలో నిలబడుకోనుండాడు. ఆయప్పకే అయితే 'రాండి, కూచోండి' అంటే సరిపాయె. ఆ మాట కథలో యాడా లేదు."

"పిలవకపోతే ఏం? బ్యాగు పెట్టింది చూసి తనే రావచ్చు గదా."

"బ్యాగు ఉంటే యెట్ల కూచుంటాడు మేడం? తియ్యాల గదా ఎవురన్నా. నేను రోజూ ఆ బస్సులోనే వస్తా, శానాసార్లు నిలబడే. పక్కన సీటుంటుంది, సీట్లో బ్యాగుంటుంది, బ్యాగు పక్కన ఒకామె ఉంటుంది. ఆమె నన్ను చూడదు. అడగాలంటే నాకు నోరు రాదు. ఆయప్పకి కూడా రాలేదేమో. జమ్మలమడుగు దాకా ఆ బ్యాగునే చూస్తాండాడు."

"'చూస్తాండాడు' అని యాడుంది?"

"లేదు మేడం. అది నేను పెట్టినా."

అంటూనే తస్లీమా కళ్ళు బల్ల మీద పడ్డాయి. హాజరు పట్టీ కింద నుంచి ఒక కాగితం కొస బయటికుంది. కొస మీద 'తిరస్కారంగా' అన్న ఇంగ్లీషు మాట. అది తన కాగితం. తనది ఎవరికీ పోలేదు. అయినా క్లాసులో అందరి చేతుల్లోనూ కాగితం ఉంది, అంటే పిల్లలది కానిది ఒకటి కట్టలో కలిసింది. ఆ పిల్ల నాగసాయి చేతిలో ఉన్న దాన్ని చూసింది, మేడం ముఖం చూసింది, కూర్చుంది.

"ఎందుకు కూచున్నావు? చెప్పేది ఉంటే చెప్పు."

"అయిపాయె మేడం."

"కాలేదు."

"అయిపాయె మేడం," అంది తస్లీమా మళ్ళీ, తల వంచుకుని.

బెల్లు కొట్టేదాకా జయలక్ష్మి ఇంకో ఇద్దరి చేత చదివించింది. వాటిలో తప్పులన్నీ పట్టుకుంది. ఒక్కటీ వదల్లేదు.

&nbsp;

ఇంటికి పోయి చెప్పులు విప్పకముందే కథ అచ్చయిన పత్రిక తీసింది. నవ్వు లేదు. వెతకాల్సిన పని కూడా లేదు, ఉన్నది ఒక్క వాక్యం. అయినా పై వాక్యమూ కింది వాక్యమూ చదివింది, నవ్వు అటో ఇటో జరిగిందేమో అన్నట్టు.

ఆ రోజు ఆ బస్సులో తను నవ్వింది. అది మాత్రం నిజం. ఆ పెళ్ళి ఎవరిదో కూడా గుర్తుంది. సీటు మీద ఎవరో చెనిక్కాయ పొట్టు పోసి పోయారు. తుడిచి తువ్వాలు ఇచ్చేటప్పుడు నవ్వింది. లేకపోతే నవ్విందని ఇన్నేళ్ళు అనుకుంటూ ఉంది. ఇప్పుడు ఇది తేల్చి చెప్పగలిగినవాడు ఒక్కడే, అతను తేల్చి చెప్పేశాడు, అచ్చులో. నవ్వు కనపడి ఉంటే రాసి ఉండేవాడు. చెనిక్కాయల మూట మీద తగువును ఒక పేజీ రాసినవాడు పెళ్ళాం నవ్వును వదిలేస్తాడా.

తన అనువాదం ముందు పెట్టుకుని పెన్సిలుతో 'నవ్వి' కొట్టేసింది. 'అతని కోసం' కొట్టేసింది. 'నిలబడటమే ఇష్టం' కొట్టేసింది. మిగిలింది చదివింది. ఇంగ్లీషు మంచిదే. స్పెల్లింగులు సరిగ్గా ఉన్నాయి. కథ మాత్రం తస్లీమా రాసిన కథే.

మరుసటి రోజు తస్లీమా కాలేజీకి రాలేదు. సాయంత్రం జయలక్ష్మి జమ్మలమడుగు బస్సెక్కింది.

ఇల్లు మగ్గాల వీధి వెనక. వాకిట్లోనే కుట్టు మిషను. తస్లీమా తల్లి మెహబూబున్నీసా పట్టుచీరకు ఫాల్ కుడుతోంది. మేడం అని తెలియగానే లేచి కుర్చీ తుడిచింది.

"దత్తు సారు ఇంటామెనా మీరు? రాండి, రాండి. మా పాపకు పదో తరగతిలో తెలుగు సారే గదా చెప్పింది. తస్లీమా, చూడు ఎవురొచ్చినారో."

తస్లీమా లోపలి నుంచి వచ్చి గడపలోనే ఆగింది.

"జొరమా?" అంది జయలక్ష్మి.

"లేదు మేడం."

"మరి ఎందుకు రాలా?"

"నిన్న తెలీక మాట్లాడినా. అది మీదని తెలీదు."

"తెలిసుంటే ఏం చేసేదానివి?"

"నోరు మూసుకోనుంటి."

"అందుకే పేరు లేకుండా పంచేది. ఆ పద్ధతి ఎందుకుందో ఇప్పుడన్నా అర్థమయిందా?"

మెహబూబున్నీసాకు వీళ్ళిద్దరి మధ్య నడుస్తున్నదేంటో తెలియలేదు. టీ తెచ్చి ఇచ్చి, మళ్ళీ మిషను ముందు కూర్చుంటూ సారు మాట ఎత్తింది. "ప్రొద్దుటూరుకు గుడ్డలకు పోయినప్పుడల్లా బస్సులో కనపడేటోడు. యెప్పుడు చూసినా నిలబడే. సీటుంటే యెవురో ముసిలోళ్ళను పిలిచి కూచోబెట్టేటోడు. నేనొకసారి అడిగితి, ఏంది సారూ, మీరు కూచోరా అని. స్కూల్లో నిలబడి నిలబడి అలవాటైపోయిందమ్మా, నిలబడితేనే బాగుంటుంది అన్నె."

తస్లీమా ముఖం వెలిగింది. "మేడం! అయితే మీరు రాసిందే కరెక్టు గదా. నిలబడటమే ఇష్టమని. సారే చెప్పినాడంట."

జయలక్ష్మి చేతిలో గ్లాసు నోటి దాకా పోయి ఆగింది. ఇది చాలు. ఒక సాక్షి, కుట్టు మిషను ముందు కూర్చుని, అడగకుండానే చెప్పిన మాట. కావాలంటే రేపు పులివెందులలో తన కాగితం ఇచ్చేయొచ్చు, ఆ పెన్సిలు గీతలు చెరిపేసి. ఎవరూ అడగరు. ఎదురు పేజీలో తెలుగు ఉంటుంది గానీ, రెండు పేజీలనూ వాక్యానికి వాక్యం పోల్చి చదివేవాళ్ళు సంవత్సరీకానికి రారు.

టీ తాగింది. గ్లాసు కింద పెట్టింది.

"మీ అమ్మ చెప్పింది కథలో ఉందా?"

"లేదు మేడం."

"మరి?"

తస్లీమా తల్లి వైపు చూసింది.

"బస్సులో ఆయన ఏమన్నాడో నీకూ నాకూ మీ అమ్మకూ తెలుసు. చదివేవాళ్ళకు ఆయన రాసిందే తెలుసు. నీ కాగితం తెచ్చినా. ఆ కుర్చీ ఇట్లా లాక్కో. ఇది అచ్చుకు పోవాలంటే శానా పనుంది. ఇంత చెత్త స్పెల్లింగులతో డిగ్రీ దాకా ఎట్లా వచ్చినావే నువ్వు?"

మెహబూబున్నీసా మిషను బల్ల మీది చీరను పక్కకు జరిపింది. చీకటి పడేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. జయలక్ష్మి దేన్నీ తను మార్చి రాయలేదు. తప్పు ఉన్నచోట పెన్నుతో పొడిచి, ఆ పిల్ల చేతే మార్పించింది. కన్నతండ్రి అయిన భర్త మళ్ళీ మామూలు ప్రయాణికుడయ్యాడు. తగువులాడే ఆడవాళ్ళు గట్టిగా తిట్టుకున్నారు. 'నిదానంగా' అన్నచోట ఆ పిల్ల మూడు మాటలు మార్చి, నాలుగోదాన్ని తనే కొట్టేసి, మొదటిదానికే తిరిగొచ్చింది. "అదే," అంది జయలక్ష్మి. ఆ సాయంత్రం ఆమె నోట వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. చివరి పేజీలో 'తిరస్కారంగా' చుట్టూ ఉన్న ఎర్ర గుండ్రం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం పెన్ను ఆగింది.

"ఇది తీసేస్తా మేడం," అంది తస్లీమా గబగబా.

"నేను చెప్తాలే. ఇప్పుడుండనీ."

&nbsp;

పులివెందులలో కోదండపాణి ఆదివారమైనా డీటీపీ షాపు తెరిపించి పెట్టాడు. దుకాణమంతా పెళ్ళి కార్డుల నమూనాలు. కంప్యూటరు ముందు కుర్చీకి సరిపోని భారీ మనిషి, అమ్జద్, కూర్చుని, తెర మీద అట్ట చూపించాడు. పైన కథ పేరు. మధ్యలో దత్తాత్రేయ ఫొటో, స్కూలు గ్రూపు ఫొటోలోంచి కత్తిరించింది, భుజం మీద పక్కవాళ్ళెవరిదో చెయ్యి ఇంకా ఉంది. కింద: 'ఆంగ్లానువాదం: శ్రీమతి జయలక్ష్మి'.

"యెట్లుంది వదినా?" అన్నాడు కోదండపాణి. అన్నకంటే పదేళ్ళు చిన్న. రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా. దస్తావేజుల్లో పేర్లు సరిచూసీ సరిచూసీ ఎక్కడ పేరు కనిపించినా వేలు పెట్టి చదవడం అలవాటు. ఇప్పుడూ తెర మీద వేలు పెట్టి, "శ్రీమతి ఉండాల్నా, అక్కర్లేదా?" అన్నాడు.

"ఆ పేరు తీసెయ్యమను," అంది జయలక్ష్మి. సంచిలోంచి కాగితాలు తీసిచ్చింది. "తస్లీమా అని పెట్టమను. అనువాదం ఆ పిల్లది."

"ఎవురా పిల్ల?"

"మా కాలేజీలో మూడో సంవత్సరం. మీ అన్న దగ్గరే తెలుగు చదువుకుంది."

"అట్లయితే సంతోషమే. కానీ నువ్వు ఎండాకాలమంతా కూచోని చేసినావు గదా. నాకు ఫోన్ చేసి చెప్తివే, మంచిగా వచ్చిందని."

"మంచిగానే వచ్చింది. కథ మీ అన్నది కాదు, అంతే."

కోదండపాణికి అర్థం కాలేదు. ఇంగ్లీషు కాగితాలను అటూ ఇటూ తిప్పాడు. "జనం అడగరా వదినా? పెండ్లాము ఇంగ్లీషు లెక్చరరు అయ్యుండి, ఎవురితోనో చేయించినారే అని. నీ పేరు లేకుంటే యెట్ల?"

"నేను లోపల ఉండా గదప్పా," అంది జయలక్ష్మి. "మళ్ళా బయటెందుకు?"

అతను ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత తెర మీద ఫొటో వైపు చూశాడు. కథ అతనూ చదివాడు. పత్రికలో వచ్చినప్పుడు చదివి, అన్నకు ఫోన్ చేసి, బస్సు బాగా రాసినావు అన్నాడు. లోపల ఎవరున్నారని అప్పుడు అడగలేదు.

"అచ్చుకు పంపకముందే నీకు చదివి వినిపించింటాడే అన్న," అన్నాడు. "నువ్వేమంటివి?"

"తువ్వాలు పడింది మూడో సీటులో కాదు, రెండోదాంట్లో అన్నా."

కోదండపాణి నవ్వబోయాడు. నవ్వు సగం వచ్చింది.

"ఇంకా?"

"ఇంకేమీ అనలా. 'సరే, కథలో మూడోదే ఉండనీ' అన్నాడు. ఉప్మా చల్లారిపోతాందంటే లేచి వచ్చినాడు."

అమ్జద్ వీళ్ళ మాటలు తనకు కావన్నట్టు కీబోర్డు తుడుచుకున్నాడు. అట్ట మీద ఒక్కో అక్షరం వెనకనుంచి పోతూ 'శ్రీమతి' కూడా పోయింది. 'తస్లీమా' వచ్చింది. ఆ తర్వాత కాగితాలు చూసి ఇంగ్లీషు కొట్టడం మొదలుపెట్టాడు. చాలాసేపు ఆ చప్పుడే. కోదండపాణి బయటికి పోయి మూడు టీలు చెప్పి వచ్చాడు. చివరి పేజీలో అమ్జద్ వేళ్ళు ఆగాయి.

"మేడం, ఈడ ఎర్రగా గుండ్రం చుట్టినారు. ఈ మాట ఉండాల్నా, తియ్యాల్నా?"

జయలక్ష్మి సంచిలోంచి ఫోను తీసింది. అనువాదం ఎవరిదైతే చెప్పాల్సింది వాళ్ళకే.

"తస్లీమా, పులివెందుల నుంచి. ఆ గుండ్రం చుట్టిన మాట తీసేస్తాండా."

"సరే మేడం. మూలంలో లేదు గదా అది. నాదే తప్పు."

"మూలంలో లేదు. అయినా తప్పని కాదు నేను తీసేది."

"మరెందుకు మేడం?"

ఫోనులో అవతల కుట్టు మిషను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. అమ్జద్ తెర వైపు తిరిగి ఆమె మాట కోసం ఎదురుచూస్తున్నాడు. జయలక్ష్మి అతనికి తీసెయ్యమని చేత్తో చూపించింది. ఆ మాట పోయింది. వాక్యం దగ్గరికి జరిగి పొట్టిదయింది. దాన్ని ఒకసారి మనసులో చదువుకుంది.

"అది లేకపోయినా తెలుస్తాంది పాపా," అంది.